అంజనం, అంతర్జాలం, ఈవా ఆరియాక్

పోయిన నెల మా అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసింది. "పాపా, ఈ ఫోను ఏందో జాలం గీలం అంటాంది. ఎవురన్నా మాయ చేసినారా?" అని. స్క్రీన్ మీద ఏముందో చదవమన్నాను. అమ్మ కూడబలుక్కుని చదివింది: "అంతర్జాల అనుసంధానం పునరుద్ధరించబడలేదు. దయచేసి మరల ప్రయత్నించండి."

ఆ వాక్యం రాసింది నేనే.

నా పనే అది. బెంగళూరులో రామమూర్తినగర్‌లో ఇంట్లో కూర్చుని యాప్‌లలో కనబడే ముక్కలన్నీ తెలుగు చేస్తుంటాను. క్లయింట్లు ఇచ్చిన గ్లాసరీలో ఇంటర్నెట్‌కు 'అంతర్జాలం' అని ఉంటే అదే పెట్టాలి. అమ్మకు ఆ సంగతి చెప్పలేదు. "నెట్ లేదంటుందిలే, కాసేపాగి చూడు" అన్నాను. "ఆ ముక్క అట్లే చెప్పొచ్చు గదా" అని పెట్టేసింది.

ఆ రాత్రి నిద్ర పట్టక, మిగతా భాషల వాళ్లు ఇంటర్నెట్‌ను ఏమంటున్నారో వెతకడం మొదలుపెట్టాను. కన్నడంలోనూ అంతర్జాలమే. కానీ ఈమెయిల్‌కు వాళ్లు 'మించంచె' అంటారు. మించు అంటే మెరుపు, అంచె అంటే తపాలా. ఈ మాట విన్నప్పుడల్లా నాకు కాస్త కుళ్లు. తమిళంలో ఇణైయం. అలా వెతుక్కుంటూ పోయి పోయి కెనడా ఉత్తరాన, నూనవూట్ అనే చోట ఆగాను. అక్కడి మూలవాసులైన ఇనూయిట్ల భాష ఇనుక్టిటుట్. దాంట్లో ఇంటర్నెట్‌ను 'ఇకియాక్కివిక్' అంటారు. పొరల గుండా ప్రయాణం అని అర్థం. పూర్వం వాళ్ల మంత్రగాడు ఉన్నచోటే కూర్చుని కాలం పొరలు, దూరం పొరలు దాటుకుంటూ వెళ్లి చూసొచ్చేవాడట. ఎక్కడో దూరాన ఉన్న బంధువులు ఎలా ఉన్నారో, చనిపోయినవాళ్లు ఎక్కడున్నారో, వేటకు దొరక్కుండా పోయిన జంతువులు ఎటెళ్లాయో చెప్పేవాడట. ఆ ప్రయాణానికి ఉన్న పాత మాటను తీసి ఇంటర్నెట్‌కు పెట్టారు.

చదవగానే నాకు అంజనం గుర్తొచ్చింది.

నాకు ఏడేళ్లప్పుడు అవ్వ వాళ్ల ఎనుము తప్పిపోయింది. పక్క ఊరిలో అంజనం వేసే ఆయన దగ్గరికి తాత నన్నూ తీసుకెళ్లాడు. ఎందుకంటే అంజనంలోకి చూడాల్సింది చిన్నపిల్లలే. ఆయన ఒక తమలపాకు మీద కాటుక, ఆముదం కలిపి రుద్దాడు. నల్లగా, జిగేల్‌మంటూ ఉంది. దీపం దగ్గర పెట్టి "ఏం కనబడుతోంది చెప్పమ్మా" అన్నాడు. నాకు నా ముక్కు కనబడింది. అందరూ నా మొహంలోకే చూస్తున్నారు. "చింతచెట్టు" అన్నాను. ఎనుము రెండో రోజు తనంతట తనే ఇంటికొచ్చింది.

ఇప్పుడు చేతిలో ఫోన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు చూస్తే అచ్చం ఆ తమలపాకే. నల్లగా, నూనె రాసినట్టు, మధ్యలో నా ముక్కు.

ఇంత చక్కటి మాట ఎంచినవాళ్లెవరా అని చూస్తే ఈవా ఆరియాక్ అని తేలింది. నూనవూట్‌కు మొదటి భాషా కమిషనర్. తరువాత ఎమ్మెల్యే అయింది, ఆ వెంటనే ప్రీమియర్ అయింది. మన లెక్కలో ముఖ్యమంత్రి అన్నమాట. గ్లాసరీ చేసే మనిషి ముఖ్యమంత్రి! మా టీమ్ వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి ఈ సంగతి పెడితే ఎవరూ పలకలేదు. పొద్దున ఒకమ్మాయి మాత్రం నవ్వుతున్న బొమ్మ పెట్టింది.

ఆమె పుట్టింది 1955లో, బాఫిన్ దీవి ఉత్తర భాగంలో ఆర్కిటిక్ బే అనే చిన్న ఊళ్లో. ఊరి అసలు పేరు ఇక్పియార్జుక్, అంటే జేబు. కొండల మధ్య నీళ్లు జేబులోకి దూరినట్టు ఉంటాయట అక్కడ. చలికాలంలో వారాల తరబడి సూర్యుడే రాడు. ఆమె స్కూలు పిల్లల కోసం ఇనుక్టిటుట్ పుస్తకాలు వేయించే పని చేసింది, రాజధాని ఇకాలుయిట్‌లో స్థానిక చేతిపనుల దుకాణం నడిపింది, పెద్దవాళ్లకు ఇనుక్టిటుట్ నేర్పింది. రాజకీయాలకు ముందు ఆమె జీవితమంతా ఇంచుమించు ఈ భాష చుట్టూనే తిరిగింది.

నూనవూట్ అంటే 'మన నేల'. 1999 ఏప్రిల్ 1న కెనడాలోనే విడి ప్రాంతంగా ఏర్పడింది. విస్తీర్ణం మన దేశంలో మూడింట రెండు వంతులకు దగ్గర. జనాభా 2021 లెక్కల్లో 36,858. మా ఏరియాలో సాయంత్రం ఆరింటికి సిగ్నల్ దగ్గర ఆగినవాళ్లే అంతమంది ఉంటారని మా ఆయన జోకు. ఊళ్లు 25. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు ఉండదు, విమానంలో వెళ్లాల్సిందే.

అక్కడి అసెంబ్లీలో పార్టీలుండవు. ఈ ముక్క మా ఆయనకు రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. అందరూ ఇండిపెండెంట్లే. గెలిచాక అంతా ఒకచోట కూర్చుంటారు. ప్రీమియర్ కావాలనుకున్నవాళ్లను మిగతావాళ్లు అందరి ముందూ ప్రశ్నలు అడుగుతారు, తరువాత రహస్యంగా ఓట్లేసి ఎన్నుకుంటారు. మంత్రులనూ అలాగే. "మరి రిసార్టులుండవా?" అన్నాడు మా ఆయన.

2008 అక్టోబర్ ఎన్నికల్లో ఇకాలుయిట్ ఈస్ట్ నుంచి ఆరియాక్ మొదటిసారి గెలిచింది. ఆ సాధారణ ఎన్నికల్లో గెలిచిన ఆడమనిషి ఆమె ఒక్కతే. దీని వెనక ఒక కథ ఉంది. 1997లో, అంటే నూనవూట్ ఇంకా ఏర్పడకముందే, ప్రతి నియోజకవర్గం నుంచీ ఒక మగ, ఒక ఆడ సభ్యులను ఎన్నుకుందామని ప్రతిపాదన పెట్టి జనాన్ని ఓటడిగారు. 57 శాతం మంది వద్దన్నారు. ఒప్పుకునుంటే సభలో సగం మంది ఆడవాళ్లుండేవారు. పదకొండేళ్ల తరువాత చూస్తే ఒక్కరు. ఆ ఒక్కరే నవంబర్‌లో ప్రీమియర్ అయ్యారు. పోటీలో ఉన్నవాళ్లు చిన్నవాళ్లేం కాదు. ఒకరు 1999 నుంచీ ఆ కుర్చీలోనే ఉన్న పాల్ ఓకాలిక్, రెండోవారు నూనవూట్ కోసం మొదటి నుంచీ పోరాడిన పెద్దమనిషి టగాక్ కర్లీ. ఎన్నికల పోస్టర్ మీద పార్టీ గుర్తు లేని చోట ఇలాంటివి జరుగుతాయి కాబోలు.

కుర్చీ ఎక్కాక ఆమె ముందుగా చేయించిన పనుల్లో ఒకటి ప్రభుత్వానికే ప్రోగ్రెస్ రిపోర్టు. పదేళ్లుగా ఏం చేశాం, ఏం చేయలేదు అని జనాన్ని అడిగించి 2009లో బయటపెట్టింది. దాని పేరు 'కనుక్కన్నిక్?', అంటే 'తర్వాతేంటి?'. మార్కులు గొప్పగా ఏం రాలేదు. అయినా అచ్చు వేయించింది.

నాకు ఆసక్తి మాత్రం భాషా చట్టం మీద. ఆమె ఎన్నిక కావడానికి కొద్దిగా ముందు, 2008లోనే, ఇనూయిట్ భాషా రక్షణ చట్టం పాసైంది. పిల్లలకు ఇనూయిట్ భాషలో చదువు కావాలని అడిగే హక్కు తల్లిదండ్రులకు అందులో ఉంది. ముందు మూడో తరగతి దాకా, 2019 నాటికి అన్ని తరగతుల్లోనూ. మాటలు ఖాయం చేయడానికి ఒక సంస్థను కూడా అదే చట్టం పెట్టింది. దాన్ని అమలు చేసే బరువు ఆరియాక్ ప్రభుత్వం మీద పడింది. కొన్నాళ్లు విద్యాశాఖ కూడా ఆమే చూసింది. మాట పుట్టించడం ఒక రాత్రి పని కావచ్చు. ఆ మాట పలికించే టీచర్‌ను తయారుచేయడానికి ఏళ్లు పడుతుంది. టీచర్లు చాలలేదు. 2019 వచ్చింది, పోయింది. 2020లో తరువాతి ప్రభుత్వం చట్టం సవరించి గడువును 2039 దాకా జరిపింది. ఇనూయిట్ల సంస్థ కోర్టుకెక్కింది.

గడువు జరపడం చదివి నేను ఎవరినీ తిట్టలేకపోయాను. మా అమ్మాయి ఆరో తరగతి. వాళ్ల బడిలో రెండో భాష కన్నడం, మూడోది హిందీ. తెలుగు లేదు. కన్నడం నేర్వడం మంచిదే, ఉంటున్న ఊరి భాష. తెలుగు ఇంట్లో నేనే నేర్పుతానని మూడేళ్ల కిందట గడువు పెట్టుకున్నాను. నాది కూడా 2039కి జరిగేలా ఉంది.

కాకపోతే మొన్న ఆదివారం ఒకటి జరిగింది. ఇనుక్టిటుట్ లిపి తీసి మా అమ్మాయికి చూపించాను. అక్షరాన్ని తిప్పితే అచ్చు మారుతుంది. 'ప' వరసకు ఒక త్రిభుజం లాంటి గుర్తు ఉంటుంది. కొన పైకి ఉంటే పి, కుడికి తిరిగితే పు, ఎడమకి తిరిగితే ప. అచ్చులు మూడే. "గుణింతం ఇంతేనా!" అని దానికి ఎక్కడలేని ఈర్ష్య పుట్టింది. పక్కన ఎందుకో 'పి పు ప' అని తెలుగులో రాసి చూపిస్తే కన్నడం ఆసరాతో చదివేసింది. దాంతో ఇంకో నాలుగు ముక్కలు రాశాను. 'త' దగ్గర, 'క' దగ్గర ఆగింది కానీ వాక్యం పూర్తి చేసింది.

ఆరియాక్ 2013లో, మళ్లీ ప్రీమియర్ పదవికి పోటీ చేయనని ముందే చెప్పి, ఎమ్మెల్యేగా నిలబడి, కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది. 2021లో నూనవూట్ కమిషనర్ అయింది. ఈసారి భాషకు కాదు, మన గవర్నర్ లాంటి పదవి.

ఇక నా గ్లాసరీ. 'అంజనం అందడం లేదు' అని పెట్టేంత ధైర్యం నాకు లేదు. "ఇంటర్నెట్ రావడం లేదు. కాసేపాగి మళ్లీ చూడండి" అని మార్చి పంపాను. రివ్యూలో ఇంకా ఉంది.

ఇదంతా అమ్మకు ఫోన్‌లో చెప్పాను, ఆ వాక్యం రాసింది నేనేనన్న సంగతితో సహా. ఆ దెబ్బకు నవ్వుతుందనుకున్నాను. అంజనం దగ్గరే ఆగిపోయింది.

"అంటే ఆ పొద్దు నీకు చింతచెట్టు కనబడలేదా?"

"లేదమ్మా. నా ముక్కు కనబడింది."

కాసేపు మాట్లాడలేదు. "మీ తాత ఆ మాట నమ్మి రాత్రంతా లాంతరు పట్టుకుని రెండు ఊళ్ల చింతతోపులు తిరిగె కదే!"