పోస్టుమాన్ నడిచిన కొండ

ఇవాళ గాసదాలుర్ చూశాం. ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవుల్లో, వాగర్ దీవికి పడమటి అంచున ఉన్న ఊరు. ఇరవై మంది కూడా ఉండరట. కోపెన్‌హాగెన్‌లో ఇంట్లో కూర్చుని ఇక్కడి జలపాతం ఫోటోలు ఎన్నిసార్లు చూశానో! అయినా ఎదుట నిలబడేసరికి నోట మాట రాలేదు.

ఊరి పక్కగా పారే వాగు కొండ అంచుదాకా వచ్చి నేరుగా సముద్రంలోకి దూకేస్తుంది. కింద గుండం లేదు, అలలే. దాని పేరు ములాఫోసుర్. గాలి విసిరినప్పుడల్లా ధార చెదిరి తుంపర పైకి లేస్తోంది. కళ్లజోడు తుడుచుకుంటూనే చూశాను. వెనక గడ్డి కప్పుల ఇళ్లు, వాటి పైన సగం మబ్బులో మునిగిన కొండలు. సముద్రంలో కొంత దూరాన మికినెస్ దీవి.

జలపాతానికి అంత అందం తెచ్చిన ఆ నిట్టనిలువు అంచే ఊరివాళ్ల కష్టానికీ కారణం. సముద్రం పక్కనే ఉన్నా మంచి రేవు లేదు. చేపలు పట్టేవాళ్లు పడవలను పక్క ఊరు బోవుర్‌లో ఉంచుకోవలసి వచ్చేది. 1940లో, బ్రిటిష్ సైన్యం ఈ దీవుల్లో ఉన్న కాలంలో, నీటి ఒడ్డు నుంచి ఊరికి మెట్లు కట్టారు. లేదంటే నాలుగు వందల మీటర్లకు పైగా కొండెక్కి దిగాలి. పోస్టుమాన్ వారానికి మూడుసార్లు ఉత్తరాలు మోసుకుని ఆ దారినే వచ్చేవాడు.

1873 దాకా ఊళ్లో శ్మశానం కూడా లేదు. శవపేటికను అదే కొండ మీదుగా బోవుర్‌కు మోసుకెళ్లేవారు. దారిలో పేటిక దించి ఊపిరి తీసుకోవడానికి ఒక రాయి ఉందని చదవగానే నాకు మన దింపుడు కళ్లం గుర్తొచ్చింది. అక్కడ మనం పోయినవాళ్ల చెవిలో పేరు పెట్టి పిలుస్తాం. ఇక్కడ మోసేవాళ్ల భుజాలకు కాస్త ఊరట. తాతయ్య పాడె మోసిన మా నాన్న భుజం చాలాసేపు కళ్లముందు నిలిచింది.

2004లో కొండను తొలిచి సొరంగం వేశారు. ఒకే వరుస దారి, ఎదురుగా బండి వస్తే పక్కన ఆగడానికి చోట్లు ఉన్నాయి. సొరంగం వచ్చాక ఊరి ఏకాంతం పోయిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. జ్వరంతో కాలిపోతున్న బిడ్డను ఎత్తుకుని మంచులో ఆ కొండ ఎక్కాల్సిన తల్లికి ఏకాంతం అందంగా కనిపించదు. మాలాంటివాళ్లు గంటసేపు చూసి మురిసిపోవడానికి ఒక ఊరు కష్టపడుతూ ఉండిపోవాలని కోరుకోవడం అన్యాయం.

రేపు వాన తెరిపిస్తే పాత దారిన నడవాలని ఉంది. మా వారికి మోకాలి నొప్పి, అందుకని ఆయన కారులో సొరంగం గుండా వచ్చి ఊళ్లో ఎదురుచూస్తారు. నేను బోవుర్ వైపు నుంచి కొండెక్కుతాను. ఆ రాయి దగ్గర కాసేపు ఆగాలి. బూట్లు ఇంకా తడిగానే ఉన్నాయి, హీటర్ పక్కన పెట్టాను.