జాబితా తొలగించారు, జవాబు ఇవ్వలేదు

నవంబర్ వచ్చిందంటే పింఛనుదారులకు, బతికే ఉన్నామని చూపే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే హడావిడి. 2024లో మా బ్యాంకు బ్రాంచి ఉద్యోగి ఒకరు, ఇంకా సర్టిఫికెట్ ఇవ్వనివాళ్ల జాబితాను మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. గుర్తు చేద్దామన్న ఉద్దేశమే కావచ్చు. కానీ పేరు పక్కనే ఖాతా నంబరు, పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరు, ఫోను నంబరు, పన్నెండంకెల ఆధార్ బారులు తీరి ఉన్నాయి. నా వరుస కూడా ఉంది.

మేనేజరు దగ్గరికి వెళితే, "తొలగించేశాం కదా సార్, ఇంకేం ఇబ్బంది?" అన్నారు. అప్పటికే అది ఎందరి ఫోన్లలోకి దిగిందో ఆయనకేం తెలుసు!

నా ఆధార్‌ను వేరొకరు వాడకుండా ముందు ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్‌కు లాక్ వేశాను. ఒక సంగతి: ఈ లాక్ వేలిముద్రకే కాదు, ముఖ గుర్తింపుకూ వర్తిస్తుంది. ఇంట్లో కూర్చుని ఫోన్లో జీవన ప్రమాణ్ (డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్) ఇద్దామంటే లాక్ కాసేపు తీయక తప్పదు. ఖాతా నుంచి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. నాకు ఆ అవసరం రాలేదు.

తర్వాత ఉత్తరం. కోపమంతా అందులో వెళ్లగక్కితే మర్యాదగా క్షమాపణ చెప్పి చేతులు దులుపుకుంటారు. అందుకే ప్రశ్నలే రాశాను: నా వివరాల్లో ఏవేవి బయటికి వెళ్లాయి? ఆ ఫైలు ఇంకా ఎక్కడెక్కడికి పంపారు? ఉద్యోగి సొంత ఫోనులోకి అది ఎలా చేరింది? జాబితాలో ఉన్న మిగతావాళ్లకు తెలియజేశారా? ఆధార్ నంబర్లను బహిరంగంగా ప్రదర్శించకూడదని 2016 నాటి ఆధార్ చట్టం 29వ సెక్షన్ చెబుతోందని కింద ఒక వాక్యం చేర్చాను. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చినా అప్పటికింకా అమల్లోకి రాలేదు కాబట్టి దాని జోలికి పోలేదు. స్క్రీన్‌షాట్ జతచేసేటప్పుడు నా వరుస ఉంచి మిగతావి నల్లగా కొట్టేశాను. వాళ్లు చేసిన పనే మనమూ చేస్తే ఎలా?

కౌంటర్లో ముద్ర వేసి రసీదు ఇవ్వడానికి నసిగారు. అది చేతికొచ్చేదాకా కదలలేదు. అదే ఉత్తరం బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి మెయిల్ చేశాను.

"అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది. ముప్పై రోజుల్లో బ్యాంకు స్పందించకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా బ్యాంకులపై ఖాతాదారుల ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అప్పుడు అమల్లో ఉన్న 2021 నాటి అంబుడ్స్‌మన్ పథకం ప్రకారం రుసుము లేదు. వకీలు ద్వారా వేస్తే అసలు తీసుకోరు. రిజర్వు బ్యాంకు ఆన్‌లైన్ ఫిర్యాదుల వేదిక సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు నింపి, రసీదు, ఆ ఒంటి వాక్యం జవాబు జోడించాను. సందేహాలకు రిజర్వు బ్యాంకు ఫోను నంబరు 14448 ఉంది.

ఫిర్యాదు బ్యాంకుకు చేరగానే ప్రధాన కార్యాలయం నుంచి ఫోను వచ్చింది, స్వరమే మారిపోయింది. ప్రశ్నలన్నిటికీ రాతపూర్వకంగా జవాబిచ్చారు, జాబితాలోని అందరికీ ఉత్తరాలు పంపారు, అడిగినవాళ్లకు కొత్త ఖాతా నంబరు ఇచ్చారు. మనోవేదనకు లక్ష రూపాయల దాకా పరిహారం ఇప్పించే వీలు ఆ పథకంలో ఉన్నా నేను అడగలేదు. మా పై అంతస్తు రావుగారు అడిగారు. ఆయన ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.