స్టాక్‌బ్రిడ్జ్‌లో సెలవు మీద వచ్చిన సిపాయిలు

బోస్టన్ నుంచి పడమరగా టోల్ రోడ్డు మీద రెండు గంటలకు పైగా ప్రయాణించి స్టాక్‌బ్రిడ్జ్ చేరాము. కారు లేనివారు ఆ ఊరికి రావడమే కష్టం. అమెరికన్ చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ మ్యూజియం టికెట్టు ధరను రూపాయల్లోకి మార్చి చూసుకున్నాక నాకు లోపలికి వెళ్లబుద్ధి కాలేదు. మా అమ్మాయి బలవంతం మీద వెళ్లాను. పైన ఉన్న పెద్ద తైలవర్ణ చిత్రాలకన్నా, కింది అంతస్తులో ‘సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్’ పత్రికకు ఆయన వేసిన 323 ముఖచిత్రాలు వరుసగా పెట్టిన గోడల దగ్గరే నా కాళ్లు ఆగిపోయాయి.

1941 నవంబర్ 29 సంచిక మీద విల్లీ గిల్లిస్ అనే కల్పిత సిపాయి సెలవు మీద ఇంటికి వచ్చి, తన మంచం మీద ఒళ్లెరగకుండా నిద్రపోతున్నాడు. అమెరికాను రెండో ప్రపంచ యుద్ధంలోకి దించిన పెర్ల్ హార్బర్ దాడికి అప్పటికింకా ఎనిమిది రోజులుంది. తరువాత విల్లీకి నమూనాగా నిలిచిన కుర్రాడే నౌకాదళంలో చేరిపోవడంతో, 1944లో రాక్‌వెల్ అతనికి బదులు గోడ మీది ఫొటోలను చిత్రించవలసి వచ్చింది.

1945 మే 26 నాటి బొమ్మలో ఇటుక గోడల పాత ఇంటి పెరడు, తీగ మీద ఆరేసిన బట్టలు, చేతులు చాచిన తల్లి, ఎదురు పరుగెత్తే పిల్లలు, చెట్టెక్కిన కుర్రాళ్లు ఉన్నారు. సిపాయి మనవైపు వీపు పెట్టి నిలబడ్డాడు. అందరికీ దూరంగా గోడ చాటున ఒదిగి, తన వంతు కోసం చూస్తున్న అమ్మాయిని నేను ఆలస్యంగా గమనించాను. యుద్ధ ఖర్చుల కోసం ప్రభుత్వం జనానికి అమ్మిన బాండ్ల ప్రచారానికి ఈ బొమ్మనే పోస్టరుగా వేశారు. ఆ అమ్మాయిని చూస్తే ఎందుకు వేశారో అర్థమవుతుంది.

మాది, ఎందరినో సైన్యానికి పంపిన ఊరుగా పేరున్న మిలటరీ మాధవరం దగ్గరి పల్లె. నాన్న సెలవు మీద వచ్చినప్పుడు నాయనమ్మ దిష్టి తీసేదాకా ఎవరమూ ఆయనను ముట్టుకోకూడదు. అమ్మ వంటింటి గుమ్మం దాటి వచ్చేదే కాదు. నాన్న యూనిఫాం ట్రంకుపెట్టెలో పెట్టి గేదెలకు కుడితి కలపడం మొదలుపెట్టాకే ఆమె పక్కకు వెళ్లి మాట్లాడేది.

అందుకేనేమో 1945 నవంబర్ 24 సంచిక నాకు అన్నిటికన్నా నిజమనిపించింది. యూనిఫాంలోనే ఉన్న కొడుకు తల్లి పక్కన కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాడు, ఆమె అతన్నే చూస్తోంది. జనం లేరు, హడావిడి లేదు.

బయటి దుకాణంలో అచ్చు బొమ్మల ధరలు చూసి నేను వెనుకాడుతుంటే, “ఆన్‌లైన్‌లో ఇంతకన్నా చవగ్గా దొరుకుతాయి నాన్నా, పద” అంది మా అమ్మాయి.