స్టేజీ మీద డ్రమ్ ర్యాక్: 16 ప్యాడ్లు చాలు

ఏబుల్టన్ లైవ్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో, డ్రమ్ శబ్దాలు పేర్చుకునే డ్రమ్ ర్యాక్ తెరిస్తే 128 ప్యాడ్లుంటాయి, ఒక్కో మిడి నోటుకి (వాయిద్యం కంప్యూటర్‌కి పంపే స్వరం నంబరుకి) ఒకటి చొప్పున. ఇంట్లో బీట్ చేసుకునేటప్పుడు ఎన్ని నింపినా అడిగేవాళ్లు లేరు కానీ, స్టేజీ ఎక్కాక పనికొచ్చేవి కంట్రోలర్ మీద, అంటే కంప్యూటర్‌కి తగిలించే ప్యాడ్ల పెట్టె మీద, చేతికందే 16 మాత్రమే. పాట మధ్యలో బ్యాంకులు (16 ప్యాడ్ల గుంపులు) మార్చుకుంటూ కూర్చుంటే ఇక వాయించేదెప్పుడు?

నేను సి1 నుంచి, అంటే నోట్ 36 నుంచి మొదలయ్యే నాలుగు బై నాలుగు గడినే వాడతాను. జనరల్ మిడి (ఏ డ్రమ్‌కి ఏ నంబరో చెప్పే ప్రమాణం) లెక్కలో కిక్ 36, కింద ఎడమ మూల. స్నేర్ 38, అదే వరసలో మూడోది. సరిగ్గా దాని పైన క్లోజ్డ్ హైహ్యాట్ 42, ఇంకా పైన ఓపెన్ హ్యాట్ 46. మూడూ ఒకే నిలువు వరసలో పడతాయి కాబట్టి చూడక్కర్లేకుండానే వేలు వెళ్లిపోతుంది. కిట్ మారినా ఈ అమరిక మాత్రం మార్చొద్దు. హ్యాట్లు రెండిటినీ ఒకే చోక్ గ్రూపులో పెట్టండి, క్లోజ్డ్ కొట్టగానే ఓపెన్ ఠక్కున ఆగిపోవాలి, లేకపోతే అసలు డ్రమ్స్‌లాగే వినబడదు.

ప్యాడ్‌లోని శాంపిల్‌ని, అంటే రికార్డు చేసిన శబ్దం ముక్కని, వాయించేది సింప్లర్. అందులో కిక్, స్నేర్ వన్-షాట్, ట్రిగ్గర్: ఒకసారి కొడితే వేలు తీసినా చివరిదాకా మోగుతాయి. సాగదీసే వోకల్ ముక్కలూ రైజర్లూ (క్రమంగా పైకి లేచే శబ్దాలు) అయితే గేట్, వేలు తీస్తే ఆగుతాయి. ఒక్క దెబ్బతో అయిపోయే శబ్దాలకి వార్ప్ (శాంపిల్‌ని పాట వేగానికి సాగదీసేది) తీసేయండి.

ఇక లేటెన్సీ. ప్యాడ్ కొడితే శబ్దం ఆలస్యంగా వస్తోందని చాలామంది ముందు ఆడియో ఇంటర్ఫేస్‌ని తిడతారు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి కూడబెట్టి పంపే శబ్దం ముక్క; ఇక్కడ శాంపిల్ అంటే శబ్దపు ఒక్కో కొలత) అంటే 2.7 మిల్లీసెకన్లు, దాని మీద డ్రైవరూ కన్వర్టర్లూ ఇంకొంచెం కలుపుతాయి, అంతే. అసలు దొంగ చాలాసార్లు శాంపిల్ ఫైల్లోనే ఉంటాడు, దెబ్బకి ముందు కాస్త నిశ్శబ్దం మిగిలిపోయి ఉంటుంది. వేవ్‌ఫామ్‌ని బాగా జూమ్ చేసి స్టార్ట్ మార్కర్‌ని దెబ్బ మొదలు దాకా జరపండి, బఫర్ ముట్టుకోకుండానే తేడా తెలుస్తుంది.

మ్యాక్రోలు, అంటే ర్యాక్ లోపలి సెట్టింగులని తిప్పే నాబ్‌లు, లైవ్ 11 వెర్షన్ నుంచి 16 దాకా పెట్టుకోవచ్చు, నాకైతే నాలుగు దాటితే ఏ నాబ్ దేనిదో గుర్తుండదు. ఎన్ని అన్నదానికంటే వాటి మినిమం, మాక్సిమం ముఖ్యం. ఫిల్టర్ నాబ్ టెన్షన్‌లో ఈ చివరి దాకా తిప్పేసినా కిక్ వినబడుతూనే ఉండాలి, రివర్బ్ ఆ చివరికి వెళ్లినా బురద కాకూడదు. రివర్బ్‌ని ర్యాక్ లోపలే రిటర్న్ చైన్‌గా (ప్యాడ్లన్నీ పంచుకునే ఎఫెక్ట్‌గా) పెట్టి, స్నేర్ సెండ్‌ని (అందులోకి స్నేర్ ఎంత వెళ్లాలో చెప్పేదాన్ని) ఒక మ్యాక్రోకి కట్టేస్తే, కావాల్సిన ఒక్క దెబ్బకి తోక తగిలించి వెంటనే వెనక్కి తిప్పేయొచ్చు. నేను ఎక్కువగా వాడేది ఈ నాబే.

అంతా అయ్యాక 'కలెక్ట్ ఆల్ అండ్ సేవ్' కొట్టండి, వాడిన శాంపిళ్లన్నీ ప్రాజెక్టులోకే చేరతాయి. శాంపిళ్లు ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఉండిపోతే, ఆ డ్రైవ్ లేని చోట ప్యాడ్లన్నీ మూగవే.