ధ్యానము లేని నింద

కామోత్కంఠత గోపికల్, భయమునం గంసుండు, వైరక్రియా
సామగ్రిన్ శిశుపాలముఖ్యనృపతుల్, సంబంధులై వృష్ణులుం,
బ్రేమన్ మీరలు, భక్తి నేము, నిదె చక్రిం గంటి; మెట్లైన ను
ద్దామధ్యానగరిష్ఠుఁడైన హరిఁ జెందన్ వచ్చు ధాత్రీశ్వరా!

ఈ కార్తికంలో నెల్లూరు రంగనాయకులపేటలో మా వీధివారు పెట్టుకున్న భాగవత సప్తాహంలో, శాస్త్రిగారు సప్తమ స్కంధం ఎత్తుకుని, నారదులవారు ధర్మరాజుతో చెప్పిన ఈ పద్యం దగ్గర ఆగిన సమయానికి, వెనుక వరుసలో ఒక సెల్‌ఫోను చేతులు మారుతూ ఉంది. ముందురోజు రాత్రి ఒక ఛానల్‌లో వచ్చిన హాస్య కార్యక్రమంలో, ఒక నటుడు నెమలిపింఛం పెట్టుకుని అష్టమహిషుల మీద చెప్పరాని మాటలు చెప్పి నవ్వించిన ముక్క అది. చెవులు మూసుకోవలసిన మాటలని తిడుతూనే, ఒక్కొక్కరూ దానిని పక్కవారికి వినిపించారు. పోలీసు స్టేషన్‌కు వెళ్దామని ఒకరు, ఛానల్ ఆఫీసు ముందు కూర్చుందామని మరొకరు అన్నారు. నేను ఇల్లు చేరేసరికి ఆ ముక్క ఏడు వాట్సాప్ గ్రూపుల నుంచి వచ్చి ఉంది. "ఖండించండి" అని రాసి నేనూ ఇద్దరికి పంపాను. పద్యానికి శాస్త్రిగారు చెప్పిన అర్థంలో మాత్రం ఆ రాత్రి ఒక్క మాటా నాకు గుర్తు రాలేదు.

ఈ పద్యం చదివినప్పుడు మనము "ఎట్లైనన్" అన్న మాట దగ్గరే ఆగిపోతాము. ప్రేమతో తలచినా, పగతో తలచినా ఒకటేనట అని తేలికగా అనేస్తాము. పోతనగారు ఆ మాటను అక్కడ వదలలేదు; వెంటనే "ఉద్దామధ్యాన", అంటే అడ్డులేని గాఢమైన ధ్యానము, అని బిగించారు. పైగా శిశుపాలుడికి వైరము అని ఊరుకోక "వైరక్రియా సామగ్రి" అన్నారు. సామగ్రి అంటే యజ్ఞానికి సమిధలూ నెయ్యీ కూర్చుకున్నట్టు పగకు కావలసినవన్నీ కూర్చుకోవడము. హిరణ్యకశిపుడుగా, రావణుడుగా, మళ్ళీ చేదిరాజు శిశుపాలుడుగా మూడు జన్మలు ఆ ఒక్కడినే తలుస్తూ, పడుకున్నా కూర్చున్నా తింటున్నా ఆ నల్లనివాడినే కళ్ళ ముందు పెట్టుకుని మండిపోవడము. గోడ మీద తుమ్మెద బంధించిన పురుగు, భయంతో తుమ్మెదనే తలచి తలచి తుమ్మెద అయిందని నారదులవారు చెప్పిన పోలిక ఇక్కడిదే. వైరంతో కుదిరిన తన్మయత భక్తితో కూడా కుదరదని నా నిశ్చయమని కూడా ఆయన అన్నారు. దేవర్షి నోట ఆ మాట విన్న ప్రతిసారీ, పొద్దున సంధ్యావందనంలో కరెంటు బిల్లు గురించి ఆలోచించే నాకు సిగ్గు వేస్తుంది.

ఆ టీవీ నటుడికీ సామగ్రి ఉంది. అది అద్దెకు తెచ్చినది. అతనికి కృష్ణుడి మీద ప్రేమ లేదు సరే, పగ కూడా లేదు. వచ్చే వారం అదే కిరీటంతో యముడవుతాడు. శిశుపాలుడి నోటి నుంచి వచ్చిన తిట్లకు వెనుక మూడు జన్మల తలపోత ఉంటే, ఇతని మాటలకు వెనుక ఉన్నది ప్రకటనల మధ్య నింపవలసిన పది నిమిషాలు.

మన చట్టం ఈ విషయాన్ని మరో వైపు నుంచి చూస్తుంది. రాజ్యాంగం 19(1)(ఏ) అధికరణంలో మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చి, 19(2)లో దానికి సమంజసమైన హద్దులు పెట్టింది. 1927లో శిక్షాస్మృతిలో చేర్చిన 295ఏ సెక్షను, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 299గా ఉన్నది, మత విశ్వాసాలను కావాలని, దురుద్దేశంతో అవమానించినవారికే వర్తిస్తుంది. తెలియకనో అజాగ్రత్త వల్లనో చేసిన అవమానము దాని కిందికి రాదని సుప్రీంకోర్టు 1957లోనే చెప్పింది. అంటే పగబట్టి తిట్టినవాడికి చట్టం జైలు చూపిస్తుంది, భాగవతం భగవంతునిలో కలిసిపోయే సాయుజ్యం చూపిస్తుంది. ఆషామాషీగా తిట్టినవాడిని చట్టం వదిలిపెడుతుంది; భాగవతంలో మాత్రం అతనికి చోటే లేదు. అతని మీద నాకు కలిగిన కోపము ఈ సంగతి తట్టాక జాలిగా మారింది.

మనోభావాల పేరుతో కేసు పెట్టడానికి తొందరపడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. 2016 జనవరిలో హర్యానా పోలీసులు కికు శారద అనే హాస్యనటుడిని, ఒక డేరా, అంటే ఆశ్రమం లాంటి మత సంస్థ, అధిపతిని టీవీలో అనుకరించినందుకు, ఇదే 295ఏ కింద అరెస్టు చేశారు. మరుసటి ఏడు ఆగస్టులో ఆ డేరా అధిపతికే అత్యాచారం కేసుల్లో 20 ఏళ్ళ శిక్ష పడింది.

హాస్యము గుడి ముందు కొత్తదేమీ కాదు. కందుకూరు వైపు మా అమ్మమ్మగారి ఊళ్ళో తోలుబొమ్మలాట ఆడిన రాత్రి, సీతమ్మ అశోకవనంలో ఏడుస్తున్న ఘట్టం ఆపి మరీ హాస్యపు బొమ్మలైన కేతిగాడూ బంగారక్కా తెర మీదికి దూకేవారు. వారి మాటల్లో కొన్ని ఇప్పుడు నేను ఇక్కడ రాయలేను. పిల్లలతో సహా ఊరంతా నవ్వేది. ఆ బూతులు కరణం మీదికీ, మోతుబరి మీదికీ, పక్క ఊరి అల్లుడి మీదికీ పోయేవి. రాములవారి బొమ్మ మాత్రం తెర పక్కన కదలకుండా ఉండేది. కేతిగాడు తప్పుకోగానే కథ ఆగిన పద్యం దగ్గరే మళ్ళీ మొదలయ్యేది, నవ్విన కళ్ళే తడిసేవి. ఆ బొమ్మ ఎక్కడ ఉందో ఆడించేవాడు నవ్వించేటప్పుడు కూడా మరిచిపోలేదు.

ఇక దశమ స్కంధంలో రాజసూయ సభ చూడండి. శిశుపాలుడు తిడుతున్నాడు. కొందరు చెవులు మూసుకుని లేచి వెళ్ళారు. భగవన్నింద వింటూ అక్కడే ఉన్నవాడు పుణ్యం పోగొట్టుకుంటాడని భాగవతం వినిపించిన శుకులవారే చెప్పారు. పాండవులూ మరికొందరు రాజులూ కత్తులు దూశారు. స్వామి మాత్రం నక్క కూతకు సింహము పలకనట్టు పలకలేదు. చివరకు తనవారిని తానే ఆపి, చక్రం తానే వదిలారు. చెవులు మూసుకున్నవారున్నారు, కత్తి దూసినవారున్నారు. ఆ తిట్లు ఎంత ఘోరంగా ఉన్నాయో విను అని పక్కవాడికి వినిపించినవాడు మాత్రం ఆ సభలో ఒక్కడూ లేడు. అయ్యా, అమ్మా, నచ్చకపోతే టీవీ కట్టేయండి. ఆ ముక్కను ఎవరికీ పంపకండి, ఖండించడానికి కూడా పంపకండి. ఆ పది నిమిషాలూ ఈ పద్యం నోటికి పట్టించుకోండి, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి.

మరునాడు గజేంద్రమోక్షానికి ఫోను ఇంట్లో పెట్టి వెళ్ళాను. "లావొక్కింతయు లేదు" అని శాస్త్రిగారు గొంతెత్తే సమయానికి కూడా, వెనుక వరుసవారు ఆ నటుడి పేరే తలుచుకుంటూ ఉన్నారు.