గ్రూప్-2 ఫోల్డర్లు చదివే వరసలో తెరుచుకోవాలంటే

ఒంగోలు, నెల్లూరు స్టడీ హాళ్లలో లాప్‌టాప్‌తో చదివేవాళ్లకు పీడీఎఫ్‌లు వెతుక్కోవడంతోనే సగం పొద్దు గడిచిపోతుంది. ఏపీ గ్రూప్-2 ప్రిలిమ్స్‌లో చరిత్ర, భూగోళం, భారతీయ సమాజం, కరెంట్ అఫైర్స్, మెంటల్ ఎబిలిటీ, ఒక్కోదానికి 30 మార్కులు. ఐదింటికీ ఐదు ఫోల్డర్లు పెట్టుకుని, విండోస్ నోట్‌ప్యాడ్‌లో ఒక బ్యాచ్ ఫైల్, అంటే కమాండ్లను వరసగా నడిపే ఫైల్, రాసుకుంటే చాలు. కమాండ్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి, పలికే తీరు ఇది:

స్టార్ట్ "" "డి:\గ్రూప్2\చరిత్ర"
పాజ్
స్టార్ట్ "" "డి:\గ్రూప్2\భూగోళం"
పాజ్

ఎక్కువమంది బోల్తా పడేది ఆ ఖాళీ కొటేషన్ల దగ్గరే. కొటేషన్లలో మొదట కనబడినదాన్ని స్టార్ట్ కమాండ్ విండో పేరనుకుంటుంది. ఖాళీవి పెట్టకపోతే ఫోల్డర్ రాదు, ఉత్త నల్ల విండో వస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన లైన్లు అతికిస్తే వంకర కొటేషన్లు పడొచ్చు, వాటితో పని జరగదు. మళ్లీ చేత్తో కొట్టండి.

పాజ్ ఉంటే మీరు కీ నొక్కాకే తర్వాతి ఫోల్డర్ వస్తుంది. దాని బదులు టైమ్‌అవుట్ అనే కమాండ్ పెడితే మీరు చదివినా చదవకపోయినా సెకన్ల లెక్కన అన్నీ మీద పడతాయి. ప్రిపరేషన్‌కు పాజే మేలు. స్టార్ట్ పక్కన స్లాష్ వెయిట్ (/wait) పెట్టినా ఫోల్డర్ మూసేదాకా ఆగదు. ఆ పని అప్పటికే నడుస్తున్న ఎక్స్‌ప్లోరర్‌కు అప్పజెప్పి ముందుకెళ్లిపోతుంది.

సేవ్ చేసేటప్పుడు టైప్ దగ్గర 'ఆల్ ఫైల్స్' ఎంచుకుని పేరు చివర డాట్ బ్యాట్ పెట్టాలి. లేకపోతే అది టెక్స్ట్ ఫైలే. ఫోల్డర్ పేర్లు తెలుగులో ఉంటే అవి సరిగా చదవడానికి మొదటి లైనుగా 'సీహెచ్‌సీపీ 65001' (chcp 65001) రాసి, సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. అక్కడే ఉండే 'యూటీఎఫ్-8 విత్ బామ్' ఎంచుకుంటే మొదటి లైనే ఎర్రర్. ఈ గొడవంతా ఎందుకు, పేర్లు ఇంగ్లిష్‌లో పెట్టుకోవడమే సుఖం.

పెన్‌డ్రైవ్ వాడేవాళ్లకు ఇంట్లో 'ఈ' (E) డ్రైవ్ అయినది నెట్ సెంటర్‌లో 'ఎఫ్' (F) డ్రైవ్ అవుతుంది. బ్యాచ్ ఫైల్‌ను ఫోల్డర్ల పక్కనే ఉంచి, 'డి:\గ్రూప్2\' బదులు శాతం గుర్తు (%), టిల్డ (~), డి, పి, సున్నా కలిపి రాయండి. చివరి స్లాష్ దానిలోనే ఉంటుంది, మళ్లీ పెట్టనక్కర్లేదు.

జిల్లాల హద్దులు మారితే పాత మ్యాపులు పనికిరావు. ఉదాహరణకు కందుకూరు 2022లో ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు మారింది. అంతకుముందు జిల్లా మ్యాపులున్న ఫోల్డర్ లైను ముందు 'రెమ్' (rem) అని రాసి, ఒక ఖాళీ వదలండి. లైను ఉంటుంది గానీ ఫోల్డర్ తెరుచుకోదు.