డ్వాక్రా అంటే లోన్ ఒక్కటేనా?

డ్వాక్రా, అంటే ఆడవాళ్ళ పొదుపు సంఘాలు, అనగానే మనవాళ్ళకి లోను, మాఫీ, ఎలక్షన్లు ఈ మూడే గుర్తొస్తాయి. మొన్న ఆఫీసులో ఒకాయన "వాళ్ళకేంటండీ, వడ్డీ లేకుండా లక్షలు ఇస్తున్నారు" అన్నాడు, ఆయన జన్మలో ఒక్క సంఘం మీటింగ్ చూసుండడు. మా పిన్ని ప్రకాశం జిల్లాలో ఒక పల్లెలో చాలా ఏళ్ళు సంఘం లీడర్‌గా చేసింది కాబట్టి నాకు కాస్త తెలుసు.

మన దగ్గర ఈ పొదుపు ఊపు అసలు మొదలైంది లోనుతో కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో చదువుకున్న ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు, రోశమ్మ పేరు అందరూ వినే ఉంటారు, 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత అదే ఊపులో రోజుకి రూపాయి చొప్పున నెలకి ముప్పై దాచుకోవడం. పది పదిహేను మంది, ఒక తీర్మానాల పుస్తకం, అంతే. ఎవరింట్లోనైనా పిల్లాడికి జ్వరమొచ్చిందనో స్కూలు ఫీజు కట్టాలనో అవసరం పడితే ఆ పొదుపులోంచే అప్పు, వడ్డీ కూడా మళ్ళీ సంఘంలోకే. ఊళ్ళో నూటికి మూడు, ఐదు తీసుకునేవాళ్ళ గుమ్మం ఎక్కక్కర్లేకుండా పోయింది చూడండి, అదీ నా లెక్కలో అసలు సంగతి.

2000లో పల్లెల్లో పేదరికం తగ్గించడానికి ప్రభుత్వం పెట్టిన సెర్ప్ అనే సంస్థ వచ్చింది, దాని కార్యక్రమాన్ని వెలుగు అన్నారు, సంఘాలన్నీ కలిపి గ్రామ సమాఖ్య, ఆ పైన మండల సమాఖ్య. అప్పట్లో బియ్యం స్కీమ్ ఒకటుండేది, నాకు చాలా ఇష్టం అది. ఈ నెల ఎవరింటికి ఎన్ని కిలోలు కావాలో మీటింగ్‌లో అడిగి రాసుకుని, సమాఖ్యే హోల్‌సేల్‌గా కొని తెచ్చి పంచేది, డబ్బులు వాయిదాల్లో కట్టుకోవచ్చు. పనుల్లేని నెలల్లో కొట్లో అప్పు పెట్టే బాధ తప్పేది. పైగా ఎవరు ఎక్కువ బియ్యం రాయించుకున్నారో చూస్తే ఏ ఇంట్లో ఇబ్బందిగా ఉందో ఎవరూ నోరు తెరిచి చెప్పకుండానే తెలిసిపోయేదంట.

అంతా బావుందని కాదు. ఒకరు కిస్తీ కట్టకపోతే మిగతావాళ్ళ మీద పడుతుంది, అప్పుడు పక్కింటావిడే వచ్చి అరుగు మీద కూర్చుంటుంది, ఆ అవమానం బ్యాంకువాళ్ళ కంటే ఘోరం. ఇక చిన్న చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలు అయితే గ్రూపు పద్ధతినే పట్టుకుని వారం వారం వసూళ్ళు పెట్టాయి, ఆత్మహత్యల దాకా వెళ్ళింది, 2010 అక్టోబర్‌లో ఉమ్మడి రాష్ట్రంలో ఆర్డినెన్స్ తెచ్చి ఇళ్ళ మీదకి పోకుండా ఆపాల్సొచ్చింది. పది మందిని ఒకచోట కూర్చోబెడితే మంచే జరుగుతుందని గ్యారంటీ ఏం లేదు, ఎందుకు కూర్చోబెట్టాం అన్నదాన్ని బట్టుంటుంది.

పిన్ని సంఘంలో ఒకావిడ మొగుడు ఆటో బోల్తా పడి మంచాన పడితే, ఆవిణ్ణి తీసేద్దాం అన్నవాళ్ళూ ఉన్నారు. పెద్ద గొడవైంది. చివరికి అతను లేచేదాకా ఆవిడ కిస్తీ మిగతావాళ్ళు సర్దారు, తర్వాత ఆవిడ కొంచెం కొంచెంగా తీర్చేసింది. ఇది ఏ రిపోర్టులోనూ ఉండదు, రికవరీ శాతం మాత్రమే ఉంటుంది.

ఇప్పుడు మీటింగ్ అంటే సంతకం, ఫోటో, కిస్తీ, ఇంటికి. పిన్నికి ఇది నచ్చట్లేదు. బియ్యం ఎటూ రేషన్లో వస్తున్నాయి కాబట్టి కందిపప్పు, నూనె అలా కలిసి కొందామని సమాఖ్యలో అడుగుతానంటోంది. లెక్కలు రాయడానికి నన్ను రమ్మంటోంది, సంక్రాంతికి వెళ్ళాలి.